కియాంటీ ద్రాక్షతోటల మధ్య తెల్ల మట్టిరోడ్ల మీద సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు (మా నాన్న అడిగినవి కూడా)

మ్యూనిక్‌లో ఉద్యోగం, సెలవులు తక్కువ, అయినా వరసగా రెండు సెప్టెంబర్లు ఇటలీలో కియాంటీ వెళ్ళి గ్రావెల్ బైక్ తొక్కొచ్చా. అప్పట్నుంచి హైదరాబాద్ ఫ్రెండ్సు, ఇక్కడి తెలుగు వాళ్ళు, ఇంట్లో వాళ్ళు అడిగిందే అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అన్నీ ఇక్కడ రాసి పడేస్తున్నా.

గ్రావెల్ బైక్ అంటే ఏంటి, మౌంటెన్ బైకేనా?

కాదు. దూరం నుంచి చూస్తే వంకర హ్యాండిల్ ఉన్న రేసు సైకిల్ లాగే ఉంటుంది, దగ్గరికెళ్తే టైర్లు లావుగా కనిపిస్తాయి. రేసు సైకిల్‌కి 25, 28 మిల్లీమీటర్లుంటే దీనికి 40, 45 దాకా ఉంటుంది, డిస్క్ బ్రేకులు, బాగా తేలిక గేర్లు, ముందు షాకబ్జార్బర్ మాత్రం మామూలుగా ఉండదు. తారు మీద కూడా బానే పరిగెడుతుంది, కంకర మీదకి దిగితే జారకుండా పోతుంది, మన ఊళ్ళో పొలాలకి పోయే డొంక దారి ఉంటుంది చూడండి సరిగ్గా దాని కోసం పుట్టినట్టు ఉంటుంది.

కియాంటీ ఎక్కడ? అంత దూరం ఎందుకు?

టస్కనీలో ఫ్లోరెన్స్‌కి సియెనాకి మధ్య ఉన్న కొండల ప్రాంతం, రాసేటప్పుడు చియాంటీ లాగా కనిపిస్తుంది గానీ పలకడం కియాంటీ. గ్రేవే, పన్జానో, కాస్తెల్లీనా, రాద్దా, గయోలె, ఇవీ ఊళ్ళు. వైన్ పేరుతో ఒక ప్రాంతానికి హద్దులు గీసి ఆజ్ఞ జారీ చేయడం ప్రపంచంలో చాలా ముందు జరిగిన చోట్లలో ఇదొకటి, 1716లో అప్పటి టస్కనీ పాలకుడు మూడో కోసిమో గీయించాడు.

ఎందుకంటే, ఆ కొండలు మన పాపికొండల్లా నిటారుగా ఉండవు, దుప్పటి దులిపి పరిచినట్టు మడతలు మడతలుగా ఉంటాయి, ఒక మడత ఎక్కితే ద్రాక్ష వరసలు, దిగితే ఆలివ్ చెట్లు, మళ్ళీ ఎక్కితే ఓక్ అడవి, చివర్లో ఎక్కడో ఒక రాతి ఇల్లు, దాని పక్కన సైప్రస్ చెట్లు. ఇంకోటి కూడా గమనించా. మన దగ్గర ద్రాక్ష అంటే పందిరి కదా, తోటలోకి వెళ్తే నీడ తప్ప ఆకాశం కనపడదు, అక్కడ తీగలు నడుము ఎత్తున తీగకంచె మీద వరసల్లో పాకిస్తారు, అందుకని రోడ్డు మీంచే కొండ మొత్తం దువ్వెనతో దువ్వినట్టు కనిపిస్తుంది.

(నాన్న ప్రశ్న) ఇదేంట్రా, ఆ ఊరికి ఇంకా తారు రోడ్డు పడలేదా?

వీడియో కాల్‌లో రోడ్డు చూపించగానే నాన్న అడిగిన మొదటి మాట ఇది, నేను నవ్వేశా గానీ నిజానికి అన్నిట్లోకీ మంచి ప్రశ్న ఇదే.

ఆ రోడ్లని స్ట్రాదె బియాంకె అంటారు, అంటే తెల్ల రోడ్లు. అక్కడి సున్నపురాయి నలిగి కంకరయ్యి రోడ్డు మీద పరుచుకుని ఉంటుంది, ఎండలో చూస్తే ముగ్గుపిండి పోసినట్టే ఉంటుంది. రోడ్డు వార ద్రాక్ష ఆకులు కూడా తెల్లగా, వేలితో గీస్తే కింద పచ్చదనం కనిపిస్తుంది. కారు ఒకటి పక్కనుంచి పోయిందా, చిన్నప్పుడు బళ్ళో డస్టర్ దులిపినప్పుడు ముక్కులోకి పోయిన వాసన గుర్తొస్తుంది, పళ్ళ మధ్య కరకర.

వీటిని తారు వేయకుండా కాపాడాలని పనిగట్టుకుని తిరిగిన మనుషులున్నారు. జాన్‌కార్లో బ్రోచ్చి అని గయోలె ఆయన, 1997లో పాత సైకిళ్ళ మీద ఈ రోడ్ల వెంట ఒక రైడ్ పెట్టాడు, పేరు లెరోయికా, మొదటిసారి వచ్చింది 92 మంది. ఇప్పుడు దానికి వేలమంది వస్తారు, ఈ దారులన్నీ కలిపి 209 కిలోమీటర్ల రూటుకి ఏడాది పొడవునా ఉండేలా గోధుమ రంగు బోర్డులు పెట్టారు, అంటే దుమ్ము రోడ్డుకి ఒక విలువ వచ్చింది, తారు వేస్తే ఊరికే నష్టం అన్న పరిస్థితి వచ్చింది.

మా అమ్మమ్మ ఊళ్ళో డొంకకి తారు పడ్డ రోజు కొబ్బరికాయ కొట్టారు, నేనక్కడే ఉన్నా, వానాకాలంలో ఆ బురదలో మంచం మీద మనిషిని మోసుకెళ్ళిన వాళ్ళకి తెలుసు ఆ తారు విలువ. కాబట్టి "ఆహా వాళ్ళు ఎంత గొప్ప, మనం అన్నీ తారు పోసేశాం" అని నేననను. అక్కడ ప్రతి ఊరికీ తారు రోడ్డు ఎప్పుడో పడింది, మిగిలినవి తోటలకి పోయే దారులు, అందుకే ఉంచుకోగలిగారు. నాన్నకి ఇదంతా చెప్తే "అయితే సరే, కడుపు నిండినోళ్ళ ముచ్చట" అన్నారు, కాదనలేకపోయా.

హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్ మీద 60 కిలోమీటర్లు ఈజీగా తొక్కుతా, నాకు సరిపోతుందా?

సరిపోతుంది, కానీ ఆ లెక్క ఇక్కడికి పనికిరాదు. ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ నున్నగా ఉంటుంది, నెత్తిన నీడ కూడా. కియాంటీలో దూరం అడక్కండి, ఎక్కుడు ఎంత అని అడగండి. 50 కిలోమీటర్ల రూటులో దగ్గర దగ్గర వెయ్యి మీటర్ల ఎక్కుడు వస్తుంది, అలిపిరి నుంచి తిరుమల ఎక్కినంత, ఇంకాస్త ఎక్కువే, అదీ ఒకేసారి కాదు, ఎక్కు దిగు ఎక్కు దిగు, కాళ్ళు వేడెక్కేలోపు దిగుడు, చల్లబడేలోపు ఎక్కుడు. మొదటి రోజు నేను 80 ప్లాన్ వేసుకుని 46 దగ్గర ఒక చర్చి మెట్ల మీద కూలబడ్డా. నా సగటు గంటకి 13 కిలోమీటర్లు, సిగ్గేం లేదు. రోజుకి 45, 50 పెట్టుకోండి, ఇంటి దగ్గర ఏదో ఒక ఫ్లైఓవర్‌నో గుట్టనో పది సార్లు ఎక్కి దిగడం ప్రాక్టీస్ చేయండి, అది చాలు.

ఒక్క రోజే ఉంది, ఏ రూటు?

గయోలె నుంచి బ్రోలియో కోట, అక్కణ్ణుంచి పియనెల్లా మీదుగా వల్యాలీ, అక్కణ్ణుంచి రాద్దా, తిరిగి గయోలె. 50 పైచిలుకు కిలోమీటర్లు, కొంత తారు కొంత మట్టి.

బ్రోలియో ఎక్కే దారి గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తా. తారు రోడ్డు వదిలి మట్టి మీదకి తిరగగానే రెండు పక్కలా సైప్రస్ చెట్లు, పొద్దున్నే వెళ్తే వాటి నీడలు రోడ్డుకి అడ్డంగా పడి తెలుపు నలుపు గళ్ళు గళ్ళుగా ఉంటుంది. కిందకి చూసుకుంటూ తొక్కుతుంటే నీడలో గుంత కనపడదు, అదొక్కటి జాగ్రత్త. లెరోయికా రోజు తెల్లారకముందే బయల్దేరతారు కాబట్టి ఈ దారి పొడుగునా దీపాలు పెడతారు, కార్తీక మాసం గుడి మెట్లు గుర్తొస్తాయి. పైన ఉన్న కోట రికాసోలి వంశానిది, వాళ్ళలో బెత్తీనో రికాసోలి అని ఇటలీకి ప్రధానమంత్రిగా చేసినాయన 19వ శతాబ్దంలో ఇక్కడే కూచుని కియాంటీ వైన్‌లో ఏ ద్రాక్ష ఎంత ఉండాలో తేల్చాడు. ఇప్పటి నియమం ప్రకారం ఇక్కడి వైన్ కియాంటీ క్లాసికో అనిపించుకోవాలంటే కనీసం 80 శాతం సంజొవేజె అనే నల్ల ద్రాక్ష ఉండాలి. మీరు రోడ్డు పక్కన చూసేది ఎక్కువ భాగం అదే.

వల్యాలీ నుంచి రాద్దా వైపు మట్టి దారి అడవిలో పోతుంది, చల్లగా ఉంటుంది, ఎక్కుడు మాత్రం ఎంతకీ తెమలదు.

ఏ నెలలో వెళ్ళాలి?

ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మొదటి సగం. జులై ఆగస్టు వద్దు, 35 డిగ్రీలు దాటుతుంది, తెల్ల రోడ్డు మీద పడ్డ ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, మనకి ఎండ అలవాటే అనుకుని వెళ్తే గడ్డం కింద కూడా మాడుతుంది (చూపిస్తా కావాలంటే). సెప్టెంబర్ చివర్లో కోతలు, ట్రాక్టర్ల నిండా ద్రాక్ష, ఊరంతా పులిసిన తీపి వాసన, నా ఓటు దానికే.

శరదృతువులో ఇంకో సంగతి, వేట సీజన్. అడవిపందుల కోసం తుపాకులు పట్టుకుని తిరుగుతారు, దారి మొదట్లో బోర్డు పెడతారు. కంటికి కొట్టొచ్చే నారింజ, పసుపు రంగు బట్టలు వేసుకోండి, కుదిరితే అడవి దారులు మంగళ, శుక్రవారాలకి పెట్టుకోండి, ఆ రెండ్రోజులు ఇటలీ అంతా వేట బంద్.

వాన పడితే?

కియాంటీ కొండల్లో పర్లేదు, కంకర ఉంటుంది కాబట్టి నీళ్ళు దిగిపోతాయి. సియెనాకి దక్షిణాన క్రేతె సెనేజి అని బంకమట్టి గుట్టలుంటాయి, అక్కడ మాత్రం వాన పడిన రోజు కాలు పెట్టకండి. మన నల్లరేగడిలో ఎడ్లబండి దిగబడినట్టే, కాకపోతే ఇది బూడిద రంగు. మట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగడం ఆగిపోయింది, పుల్ల పెట్టి గీకడం, పది అడుగులు నడవడం, మళ్ళీ గీకడం, ఒక కిలోమీటరుకి ముప్పావు గంట పట్టింది నాకు.

టైర్లు, గాలి, గేర్లు ఎలా పెట్టుకోవాలి?

40 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. ట్యూబ్‌లెస్ అయితే మంచిది, చిన్న ముల్లు దిగినా లోపలి జిగురు ద్రవం మూసేస్తుంది. గాలి ఎక్కువ కొట్టడం మనకి అలవాటు, టైరు రాయిలా ఉంటేనే తృప్తి, అది మానుకోండి. నా బరువు 74 కిలోలు, వెనక 32 పీఎస్ఐ ముందు 30 పెట్టుకున్నా, అంతకుముందు రోజు 50తో తొక్కితే చేతులు సాయంత్రం కాఫీ కప్పు పట్టుకుంటే కూడా వణికాయి. ఎందుకంటే ఆ రోడ్ల మీద బళ్ళు తిరిగి తిరిగి చాకిరేవు బండలా చిన్న చిన్న గాడులు పడతాయి, గాలి ఎక్కువుంటే టైరు ప్రతి గాడి మీదా ఎగురుతుంది, తక్కువుంటే సర్దుకుపోతుంది.

గేరు సంగతి ఒక్క ముక్కలో, పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఒక చుట్టుకన్నా తక్కువ తిరిగేంత తేలిక గేరు ఉండాలి. నాకు ముందు 40 పళ్ళు, వెనక పెద్దది 42. దుకాణంలో అద్దెకి తీసుకునేటప్పుడు ఇదే అడగండి, మిగతా మోడళ్ళ గొడవ వాళ్ళు చెప్తూనే ఉంటారు.

దిగేటప్పుడు భయం వేయదా? పడ్డారా?

పడ్డా. మొదటి ఏడాది అద్దెకి తీసుకున్న సైకిల్‌కి వెనక బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఉన్నాయి, పొద్దున చూసుకోవాల్సింది, తొందరలో చూసుకోలేదు. దిగుడులో మలుపు దగ్గర వెనక బ్రేకు పట్టకపోయేసరికి కంగారులో ముందుది గట్టిగా నొక్కా, ముందు చక్రం కంకర మీద పక్కకి జారింది, మోచేయి ఆనించి పడ్డా. పక్క తోటలో కోతలు కోస్తున్న పెద్దాయన కత్తెర జేబులో పెట్టుకుని వచ్చాడు, నాకు ఇటాలియన్ రాదు, ఆయనకి ఇంకేమీ రాదు, నీళ్ళ క్యాను తెచ్చి మోచేతి మీద పోస్తూ "పియానో, పియానో" అంటున్నాడు, అంటే మెల్లగా అని. నొప్పి గురించా నా స్పీడు గురించా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

నేర్చుకున్నది: మలుపుకి ముందే బ్రేకు వేసి స్పీడు తగ్గించుకోవాలి, మలుపులో వేయకూడదు. రోడ్డు మధ్యలోనూ అంచుల్లోనూ వదులు కంకర పోగవుతుంది, కార్ల చక్రాలు నలిగిన రెండు గీతల మీదే ఉండండి. సీటు మీంచి కొంచెం లేచి, మోచేతులు వంచి, హ్యాండిల్ వదులుగా పట్టుకోవాలి. బండి తీసుకునేటప్పుడు బ్రేకు ప్యాడ్లు చూడండి, ఎవడు మొహమాటపెట్టినా సరే.

తిండి? నేను వెజ్.

బాధపడక్కర్లేదు, టస్కనీ తిండిలో పప్పులు, చిక్కుడు గింజలు చాలా. రిబొల్లీతా అని చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ, పాత రొట్టె వేసి ఉడికించే చిక్కటి సూప్ ఉంటుంది, పప్పుచారులో రొట్టె నానబెట్టినట్టు, రెండు గిన్నెలు లాగించేయొచ్చు. మాంసం రసం వేశారా అని మాత్రం అడగండి. పిచ్చి అనే లావు సేమియా లాంటి పాస్తాని వెల్లుల్లి టమాటా సాస్‌తో తినండి (పేరు చూసి నవ్వకండి). కోతల కాలంలో బేకరీల్లో ద్రాక్ష గింజలతో సహా వేసి కాల్చిన తీపి రొట్టె దొరుకుతుంది, స్కియాచ్చాతా అల్లూవా, వెనక జేబులో వేసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. అక్కడి మామూలు రొట్టెలో మాత్రం ఉప్పు ఉండదు, మొదటి ముక్కకి నేను వంటవాడు మర్చిపోయాడనుకున్నా. ఆవకాయ చిన్న సీసా తీసుకెళ్ళా, అదీ సంగతి.

టైము ముఖ్యం. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిళ్ళు కట్టేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు, ఆ మధ్యలో చేరితే బార్‌లో కాఫీ, శాండ్‌విచ్‌తో సరి. బార్ అంటే కంగారు పడకండి, అక్కడ బార్ అంటే మన టీ కొట్టు.

నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి?

ఊళ్ళ చౌకుల్లో కుళాయిలుంటాయి. "నోన్ పోతాబిలె" అని రాసుంటే తాగొద్దు. అక్కడి సైకిల్ వాళ్ళు చెప్పిన చిట్కా ఒకటి, నీళ్ళు అయిపోతే శ్మశానం వెతకండి. సమాధుల మీద పూలకి పోయడానికి ప్రతి శ్మశానంలోనూ దాదాపు కుళాయి ఉంటుంది. అమ్మకి ఇది చెప్పలేదు, మీరూ చెప్పకండి.

తోటల్లో వైన్ తాగి తొక్కొచ్చా?

వద్దు. ఇటలీలో తాగి నడపకూడదన్న చట్టం సైకిల్‌కి కూడా వర్తిస్తుంది, హద్దు లీటరు రక్తంలో అర గ్రాము. చట్టం సంగతి అలా ఉంచి, మధ్యాహ్నం ఒక గ్లాసు తాగితే తర్వాతి ఎక్కుడులో కాళ్ళు కాళ్ళలా ఉండవు. రైడ్ అయ్యాక ఊళ్ళో కూర్చుని తాగండి. తాగని వాళ్ళకి ఆలివ్ నూనె రుచి చూపించే చోట్లు కూడా ఉన్నాయి, ఉప్పు లేని ఆ రొట్టె ఎందుకు పుట్టిందో అప్పుడర్థమైంది నాకు.

ద్రాక్ష కోసుకు తినొచ్చా?

అది ఎవరి పంటో వాళ్ళది కదండీ, మన చేలో ఎవడైనా దిగి మొక్కజొన్న విరిస్తే ఊరుకుంటామా. అడిగితే కోసేవాళ్ళే ఒక గుత్తి ఇస్తారు. చిన్న పళ్ళు, తోలు మందం, గింజలు, చాలా తీపి. "ప్రొప్రియెతా ప్రివాతా" అని బోర్డు ఉంటే ఆ దారి వాళ్ళ సొంతం, ఫోన్ మ్యాప్ వెళ్ళమన్నా వెళ్ళకండి, ఆ లోపల ఉండే తెల్ల కుక్కలకి మ్యాప్ తెలీదు.

ప్రతి చోటా ఆ నల్ల కోడిపుంజు బొమ్మ ఏంటి?

కియాంటీ క్లాసికో గుర్తు. కథ బాగుంటుంది. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ సరిహద్దు తగాదా, తెల్లారి కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచీ ఒక్కో గుర్రపురౌతు బయల్దేరాలి, ఎక్కడ ఎదురుపడితే అదే సరిహద్దు అని ఒప్పందం. సియెనా వాళ్ళు తెల్లపుంజుని బాగా మేపారు, ఫ్లోరెన్స్ వాళ్ళు నల్లపుంజుని తిండి పెట్టకుండా మాడ్చారు. ఆకలికి అది తెల్లారకుండానే కూసేసింది, వీళ్ళ రౌతు ముందు బయల్దేరి సియెనాకి పన్నెండు కిలోమీటర్ల దూరం దాకా వచ్చేశాడు, కియాంటీ అంతా ఫ్లోరెన్స్‌ది అయిపోయింది. మన గోదావరి పందేల భాషలో నల్లపుంజుని కాకి అంటారు, అలా చూస్తే కాకి మీద కాసిన వాళ్ళు ఒక జిల్లా గెలుచుకున్నట్టు.

టీవీలో వచ్చే స్ట్రాదె బియాంకె రేసు, లెరోయికా ఒకటేనా?

రెండూ వేరు, పుట్టిల్లు ఒకటే. రేసు 2007లో మొదలైంది, ఇప్పుడు మార్చిలో జరుగుతుంది, ముగింపు సియెనా నడిబొడ్డున పియాజ్జా దెల్ కాంపోలో. దానికి ముందు శాంతా కతెరీనా వీధి 16 శాతం దాకా ఎక్కుతుంది, నేను అక్కడ సైకిల్ దిగి నడిచా, ఒక ముసలావిడ కూరగాయల సంచీతో నన్ను దాటుకుంటూ పోయింది.

లెరోయికా అక్టోబర్ మొదటి ఆదివారం, గయోలెలో. 1987కి ముందు తయారైన రేసు సైకిల్ ఉండాలి, గేర్లు మార్చే మీటలు ఫ్రేము మీద ఉండాలి, బట్టలు కూడా పాతకాలపు ఉన్నివే. దారిలో స్టాపుల్లో వైను, రిబొల్లీతా పెడతారు. గ్రావెల్ బైక్‌తో రానివ్వరు, కానీ మిగతా రోజుల్లో అదే రూటు మీద ఏ బండితోనైనా తొక్కుకోవచ్చు.

మా ఆవిడ/ఆయన సైకిల్ తొక్కరు, ఏం చేయాలి?

బ్యాటరీ సైకిల్ అద్దెకి తీసుకోండి. నన్ను నమ్మండి, మీకన్నా ముందు పైకి చేరి ఫోటోలు తీస్తూ ఉంటారు.

ఎలా చేరాలి?

ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి లోకల్ ట్రైన్, గంటన్నర, సైకిల్‌కి విడిగా చిన్న టికెట్ ఉంటుంది. సియెనా స్టేషన్ కింద ఉంటుంది, ఊరు కొండ మీద, ఎస్కలేటర్ల మీద ఎస్కలేటర్లు ఎక్కి వెళ్ళాలి. అక్కణ్ణుంచి గయోలె 30 కిలోమీటర్ల లోపే. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి షెంగెన్ వీసా, 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. సైకిల్ విమానంలో మోసుకురాకండి, అద్దెకి దొరుకుతుంది, నేను రోజుకి 45 యూరోలు ఇచ్చా.

మన దగ్గర ఇలాంటిది లేదా?

అచ్చం అలాగే అంటే లేదు. బెంగళూరు వాళ్ళకి నంది హిల్స్ చుట్టూ చిక్కబళ్ళాపూర్, దేవనహళ్ళి వైపు ద్రాక్షతోటలు, మట్టిరోడ్లు రెండూ ఉన్నాయి, ఊళ్ళలో తెలుగు కూడా నడుస్తుంది, దారి అడగడం తేలిక. నాసిక్ వైపు వైన్ తోటలున్నాయి. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు బాగా ఉండేవి, ఇప్పుడు చాలా వరకు వెంచర్లు. నంది వైపు ఒక జనవరిలో తొక్కా, రోడ్డు ఎర్రగా, సాక్సులు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి.

సైకిల్ తిరిగిచ్చేటప్పుడు కడిగివ్వాలా?

కడగండి, అదే రోజు. ఆ తెల్ల దుమ్ము చెమటతో, నీళ్ళతో కలిసి రాత్రి ఆరితే సున్నం వేసినట్టు గట్టిపడుతుంది. బకెట్, పాత గుడ్డ చాలు, ప్రెషర్ పైపుతో చక్రం ఇరుసు మీదా చైను మీదా కొట్టకండి, గ్రీజు పోతుంది. చైన్ ఆరాక నూనె రెండు చుక్కలు వేసి గుడ్డతో తుడిచేయండి, తడిగా వదిలేస్తే రేపటి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.